వయసు పెరగని పిల్లలు

“పాపని పెద్ద కొలనులో దింపలేనండీ,” అంది ఈత టీచరు కంప్యూటర్ చూస్తూ. “ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళని వెతికితే తన పేరు రావట్లేదు. ఇందులో ఆరేళ్ళనే ఉంది.”

“నాకు ఎనిమిది నిండాయి!” అంది పాప రోషంగా.

“ఏ మహానుభావుడు రాశాడండీ ఈ ప్రోగ్రాము?” అని విసుక్కున్నాడు తండ్రి.

“మీరే కదండీ!”

తండ్రి నాలిక్కరుచుకున్నాడు. మొదట్లో ఆ ప్రోగ్రాము పేజీ తెరిచినప్పుడల్లా పుట్టినరోజును బట్టి వయసు లెక్కగట్టి చూపించేది తప్ప, ఎక్కడా రాసిపెట్టుకునేది కాదు. అందుకే వయసును బట్టి వెతికితే ఒక్క పిల్లా దొరికేది కాదు. అప్పుడు ఈయనగారు అందరి వయసులూ ఒకసారి లెక్కగట్టించి, శాశ్వతంగా అందులో రాసిపెట్టించేశాడు. పిల్లలంతా చిటికెలో దొరికారు. తన భుజం తానే చరుచుకున్నాడు. ఏటా మళ్ళీ లెక్కగట్టమని చెప్పడం మాత్రం మరిచాడు.

“అదా సంగతి! రెండేళ్ళుగా పాత పిల్లలెవరూ పెద్ద కొలనుకి రారేంటా అనుకుంటున్నా,” అంది టీచరు.

“చిన్న పొరపాటండీ, సాయంత్రానికల్లా సరిచేస్తా,” అంటూ సంచిలోంచి కొత్త ఈతదుస్తులు తీసి పాపకిచ్చాడు.

పాప వాటిని ఒంటికి ఆనించుకుంది. బాగా పొట్టిగా ఉన్నాయి.

“ఇవి ఆరేళ్ళ వాళ్ళవి నాన్నా.”

“షాపులో వయసెంతని అడిగితే నేను...” అంటూ ఆగిపోయాడు.

ఆ దుస్తులు మళ్ళీ సంచిలో పెట్టేసి, “ఇలా వచ్చి నా ఎదురుగా నిలబడు తల్లీ,” అన్నాడు.

పాప తల అతని చొక్కా జేబు దాకా వచ్చింది.