అన్నం మెతుకు

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాను. కొడుకు ఐలేశ్ సంబరంగా వచ్చి ఫోన్ నా మొహానికి అడ్డం పెట్టాడు.

"నాయినా, నీ కోడలు కంప్యూటర్ల ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించిన. ఆమె ఏ అక్షరం కొట్టినా నా ఫోన్లకు వస్తది. పాస్‌వర్డులన్నీ దొరికినయి. వాళ్ల అవ్వకు రాసే ముచ్చట్లు గూడ సదువుతున్న. ఆమెకు ఎరుకనే లేదు."

చేతిలో ముద్ద కంచంలో పడేశాను.

"థూ! పెండ్లాం ముచ్చట్లు దొంగసాటుంగ సదువుతవా? నాకు నా పేరు రాసుడు తప్ప సదువు రాదు. అయినా గిసొంటి కుక్కబుద్ధి నాకు ఏనాడన్న ఉన్నదారా? ఇప్పుడే తీసెయ్. లేకుంటే జనగామ నుంచి కోడలు పిల్ల రాంగనే నేనే చెప్త."

వాడు గొణుక్కుంటూ బయటికి పోయాడు. నేను గర్వంగా నా భార్య చిలుకమ్మ వైపు చూశాను. ఆమె చారు పోస్తూ తల ఎత్తలేదు.

"మా అవ్వ తల్లిగారింటి నుంచి నాకు రాసే ఉత్తరాలను జిగురు పెట్టి అంటిస్తుండె," అంది. "నా చేతికి వచ్చేసరికి అన్నం మెతుకు పెట్టి అంటించి ఉంటుండె. బడి పంతులుతోని సదివిపిచ్చుకొని ఇస్తుంటివి గదా?"

నలభై ఏండ్లుగా ఆమెకు తెలియదనే అనుకున్నాను.

"పిల్లకు చెప్పు," అంది. "నాకు చెప్పెటోల్లు లేకుండె."

వేళ్లకు మెతుకులు అంటుకొని ఉన్నాయి. చెయ్యి రెండుసార్లు కడిగాను. పోయి కోడలి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను.