కుదరదు సార్!

"ఇంకోసారి చెప్పు భారతమ్మా. నేను రిజిస్ట్రార్‌ని అనుకో. ఈసారి యువజనోత్సవాలు నువ్వే చూసుకోవల్ల."

"కుదరదు సార్."

"భేష్!"

"మరీ అంత అర్జంటయితే చూస్తాలెండి సార్."

ప్రకాష్ బాబు నెత్తి కొట్టుకున్నాడు. క్యాంటీన్‌లో పక్క టేబుల్ వాళ్ళు ఫక్కుమన్నారు.

కుప్పం యూనివర్సిటీలో సగం సర్వీసు దాటిన అధ్యాపకులను ఇద్దరిద్దరుగా జతకలిపి, ఒకరికొకరు సాయపడి పైకి రమ్మని పెద్దలు ఆ ఏడాది ఒక పథకం పెట్టారు. పీర్ మెంటరింగ్ అని దానికి పేరు. ఎకనామిక్స్ భారతికి ఫిజిక్స్ ప్రకాష్ బాబు జతపడ్డాడు. ఇద్దరూ అసోసియేట్ ప్రొఫెసర్లే గానీ, తీరు మాత్రం తూర్పూ పడమరా.

భారతికి కాదనడం చేతకాదు. హాస్టల్ వార్డెన్ పని నుంచి ముఖ్య అతిథికి శాలువా కొనుక్కురావడం దాకా అన్నీ ఆమె నెత్తినే. ఆ పనులకూ ప్రమోషన్‌లో మార్కులుంటాయి, నిజమే. అవి ఆమెకు ఎప్పుడో నిండిపోయాయి. నిండనిది ఒక్క పరిశోధన పేపరు. మదనపల్లె మార్కెట్లో టమోటా ధరల మీద మొదలుపెట్టింది, మూడేళ్ళుగా సగంలోనే ఉంది. ఈలోపు టమోటా ధర ఎన్నిసార్లు చెట్టెక్కి దిగిందో! జూన్‌లోగా ఆ పేపరు ఏదైనా పత్రిక వాళ్ళు ఒప్పుకుంటేనే ఆమె ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు పెట్టగలదు. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో దేవుడికే తెలియాలి.

ప్రకాష్ బాబు సంగతి వేరు. ల్యాబ్, పేపర్లు, ఆదివారం మదనపల్లెలో ఇల్లు. ఎవరైనా పని చెప్పబోతున్నారని పసిగడితే చాలు, ఎటు మాయమయ్యాడో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. పనిదొంగ అని వెనకాల అంటారు. ఆ విద్యే ఇప్పుడు భారతికి నేర్పుతున్నాడు.

"నీకు పని చెప్పేవాళ్ళు శానామంది ఉండారు. నీ పేపరు రాసిచ్చేవాళ్ళు ఉండారా? యాల నీకింత మొగమాటం?"

"నేను కాదంటే ఆ పని ఎవురు చేస్తారన్నా?"

"ఎవురో ఒకరు చేస్తారు. నీకెందుకమ్మా ఆ బాధ?"

మరుసటి రోజు పొద్దున పుంగనూరు నుంచి వస్తూ బస్సులో భారతి సాధన మొదలుపెట్టింది. "కుదరదు సార్, కుదరదు సార్" అని పెదాలు కదుపుతూ కూర్చుంది. కాస్త గొంతు పెరిగినట్టుంది. బైరెడ్డిపల్లెలో ఎక్కిన ఒకామె గయ్యిమంది.

"యాల కుదరదు? ముగ్గురు కూర్చునే సీటే గదా! జరుగు అట్ల!"

ఆ మధ్యాహ్నమే రిజిస్ట్రార్ పిలిచాడు. యువజనోత్సవాల సంగతే. భారతి కళ్ళు గట్టిగా మూసుకుని అనేసింది.

"కుదరదు సార్."

"అట్లనా? సరేలేమ్మా."

అంతే! మిన్ను విరిగి మీద పడలేదు. ఇంత సులువా ఇది! ఇన్నేళ్ళూ ఎందుకు భయపడిందో ఆమెకే అర్థం కాలేదు.

ఇక ఆగలేదు. హాస్టలా, కుదరదు సార్. స్వాగత కమిటీనా, కుదరదు సార్. సాయంత్రాలు దొరికాయి. శనివారాలు మదనపల్లె మార్కెట్లో మండీల వెంట తిరిగింది. మే నెల చివర్లో పేపరు ఒప్పుకున్నామని మెయిల్ వస్తే స్టాఫ్ రూంలో చిన్నపిల్లలా గంతేసింది.

దరఖాస్తు ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్తే సూపరింటెండెంట్ సిద్దప్ప పలకరించాడు.

"మీరు పనులు మానేసినాక మాకు చెడ్డ కష్టం అయితాదనుకుంటిమి మేడం. ప్రకాష్ బాబు సార్ పుణ్యాన ఏ లోటూ రాలే."

"ప్రకాష్ అన్న ఏం చేసినాడు?"

"అన్నీ ఆయనే గదా మేడం! మీరు కాదన్న పని ఏదైనా సరే, నాకియ్యండని అడిగి తీసుకుంటాండాడు. హాస్టల్లోనే పండుకుంటాండాడు పాపం."

భారతి దరఖాస్తు సిద్దప్ప బల్ల మీద పెట్టింది. పని పేరెత్తితే పారిపోయే మనిషి! ఎవరో ఒకరు చేస్తారన్నాడే, ఆ ఒకరు ఆయనేనా? తన పేపరు కోసం ఇంత బరువు మోస్తూ ఒక్కరోజైనా చెప్పుకోలేదే! పనిదొంగ అని తనూ ఒకసారి నవ్వినందుకు సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చింది.

ప్రొఫెసర్ల జాబితా వచ్చింది. అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆదివారం భర్త నాగరాజును వెంటబెట్టుకుని, స్వీట్ల డబ్బాతో మదనపల్లెలో ప్రకాష్ బాబు ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య బీనా టీ పెట్టి తెచ్చింది.

"అన్నా, సిద్దప్ప నాకంతా చెప్పినాడు," అంటూ భారతి స్వీట్ల డబ్బా ఆయన చేతిలో పెట్టింది. "నా పనులన్నీ నీ నెత్తిన ఏసుకొని నన్ను ప్రొఫెసర్ని చేసినావు. సొంత అన్న కూడా ఇంత చెయ్యడు."

"అబ్బే, అదేం లేదులేమ్మా. టీ తాగు, సల్లారిపోతాది," అన్నాడు ప్రకాష్ బాబు, ఎటో చూస్తూ.

"చెప్పుకోడు వదినా, ఎంత మంచి మనిషో! అందుకే దేవుడు నీకూ ఈసారే ఇచ్చినాడన్నా."

ప్రకాష్ బాబుకు పొలమారింది. బీనా ఆయన నెత్తిమీద తడుతూ పకపకా నవ్వింది.

"ఆ పనుల మార్కులు సాలకనే గదమ్మా, ఈయనకి పోయినసారి ప్రొఫెసర్ రాలేదు!"