స్ప్రింగుకి విశ్రాంతి

“ఈ మ్యాగజైన్లు నింపి ఉన్నాయా, ఖాళీవా?” తనిఖీకి వచ్చిన మేడమ్ గార్డు గదిలో బల్ల ముందు నిలబడి అడిగింది.

“ఖాళీవే మేడమ్,” అన్నాడు మామ, దర్జాగా.

నింపే ఉన్నాయి అనబోయి అల్లుడు నాలిక కరుచుకున్నాడు.

ఆ గోదాముకి కాపలా ఆ మామా అల్లుళ్ళే. ఒకరు దిగితే ఒకరు ఎక్కుతారు. ఇద్దరికీ కలిపి ఒకటే రైఫిల్, దానికి తగిలించే, అచ్చు కవల పిల్లల్లాంటి రెండు తూటాల మ్యాగజైన్లు, కంపెనీ వాళ్ళు పొదుపుగా ఇచ్చిన పిడికెడు తూటాలు. డ్యూటీ దిగగానే తూటాలన్నీ తీసేసి స్ప్రింగులకి విశ్రాంతినివ్వడం మామకి వ్రతం. అల్లుడేమో మామ వీపు కనబడగానే అవన్నీ మళ్ళీ నింపేస్తాడు. మామ వచ్చే వేళకి తీసేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడు. ఇవాళ తీసేలోపే మామ వచ్చేశాడు. ఆ వెనకే మేడమ్ జీపు హారన్ మోగింది. గేటు తీయడానికి అల్లుడు పరుగెత్తక తప్పలేదు.

“నింపి ఉంచాలని కదా రూలు?” మేడమ్ గొంతు కరుకుగా ఉంది.

“రూలు రాసినాయన నడుం మీద రాత్రంతా ఓ బస్తా పెట్టి చూడండి మేడమ్. స్ప్రింగైనా అంతే. తూటాని పైకి నెట్టేది అదే. అది చచ్చిందంటే తూటా గొట్టంలోకి ఎక్కదు. రైఫిల్ ఉన్నా ఒకటే, దుడ్డుకర్ర ఉన్నా ఒకటే.”

మేడమ్ రెండు మ్యాగజైన్లూ చేతిలోకి తీసుకుని, పక్కన చెక్కిన నంబర్లు సరిచూసి, ఏది ఎటు ఉండేదో చూడకుండా మళ్ళీ బల్ల మీద పడేసింది. “ఖాళీవని నేనెలా నమ్మాలి?”

“మాటలెందుకు? చూడండి.”

దగ్గరగా ఉన్నదాన్ని మామ అందుకుని, రైఫిల్‌కి తగిలించి, అరచేత్తో ఓ దెబ్బ వేశాడు. బోల్టు లాగి వదిలాడు. రైఫిల్ మడమ నేలకి ఆనించి, గొట్టం నోటి మీద ఎడమ చెయ్యి బోర్లించాడు. కుడి చేత్తో ట్రిగ్గర్ తడుముకున్నాడు.

“ఏమిటిది? తీయండి ఆ చెయ్యి!” మేడమ్ అరిచింది.

“ఖాళీది మేడమ్. ఏమీ కాదు.”

అల్లుడు ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయాడు. తెల్లవారుజామున స్వయంగా తన వేళ్ళతో నింపాడు రెండూ. ఒకదానిలో ఆఖరి తూటా నొక్కుతుంటే లోపల టిక్కుమంది కూడా. సరిగ్గా కూర్చుందిలే అనుకున్నాడు. ఇప్పుడు నిజం చెబితే మేడమ్ ముందు మామ పరువు పోతుంది, ఇంటికెళ్ళాక తన పరువు పోతుంది. చెప్పకపోతే మామ చెయ్యి పోతుంది.

“ఆగండి మామయ్యా!” గావుకేక పెట్టాడు. “ఖాళీది కాదు! నేనే నింపాను! రోజూ నేనే నింపుతున్నాను!”

మామ అతని కళ్ళలోకి చూశాడు. మీసాల కింద చిన్నగా నవ్వాడు.

ట్రిగ్గర్ నొక్కాడు.

టక్.

అంతే.  అల్లుడికి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయి ఏడుపు తన్నుకొచ్చింది.

“చూశారా మేడమ్? తన దొంగాట నాకు తెలీదనుకున్నాడు అల్లుడుగారు!” మామ పగలబడి నవ్వుతూ జేబులోంచి తూటాలు తీసి బల్ల మీద పోశాడు. “గేటు తీయడానికి వెళ్ళాడు కదా, ఆ సందులో ఒకదాన్ని ఖాళీ చేసి నాకు దగ్గరగా పెట్టుకున్నాను. ఈయన నోటితోనే చెప్పించడానికి ఒకటి చాలదూ?”

“మీ ఇంటి సరసాలకి దొరికింది రైఫిలా?” మేడమ్ ముఖం కందగడ్డలా అయింది. “మీ ఇద్దరి సంగతీ పైకి రాస్తాను. అయితే నింపినది ఇదన్నమాట.” బల్ల మీద మిగిలిన మ్యాగజైన్ తీసుకుని, దాని అడుగు మూత లాగింది.

నిక్షేపంలాంటి స్ప్రింగు ఎగిరి బయటికొచ్చింది. ఇంకేమీ రాలేదు. తలకిందులు చేసి దులిపింది. ఒక్క తూటా కూడా లేదు.

మామ నవ్వు ఆగిపోయింది. గొట్టం మీదున్న చెయ్యి మెల్లగా, కాలినట్టుగా వెనక్కి తీసుకున్నాడు.

అల్లుడు రైఫిల్‌కున్న మ్యాగజైన్ ఊడదీశాడు. బల్ల మీద పెట్టి అడుగు మూత లాగాడు. ముందు రెండు ముక్కలైన స్ప్రింగు జారిపడింది. దాని వెనకే గలగలమంటూ, పొద్దున తను అందులో నింపిన తూటాలన్నీ.