సూది పోటు

స్రవంతి వేలిని కుళాయి నీళ్ల కింద పెట్టి నిలబడింది. సూది గుచ్చుకున్న చోట చిన్న ఎర్రచుక్క, అంతే. 

మేడ్చల్‌లోని ఆ ఆసుపత్రికి ట్రైనింగుకి వచ్చిన నర్సింగ్ అమ్మాయిలకు సీనియర్లను చూసి ఒక పాడు అలవాటు పట్టుకుంది. సూదికి రెండో చేత్తో మూత పెట్టడం. పొద్దున వెనక నుంచి ఇన్‌చార్జి సిస్టర్ కామేశ్వరి "జల్దీ, జల్దీ" అని తరుముతుంటే ఆ మూత దగ్గరే స్రవంతి వేలిని పొడుచుకుంది. వార్డులో పేషెంటు సత్తయ్యకు ఇంజెక్షన్ వేసి వచ్చాక గానీ వేలి మీద నెత్తురు చూసుకోలేదు.

వెంటనే కామేశ్వరి దగ్గరికి పరుగెత్తింది.

"మేడమ్, కామెర్ల వైరస్ అంటకుండ ఒక ఇంజెక్షన్ ఉంటది గదా! ఎస్టీడీ బూత్ నుంచి సిటీకి ఫోన్ జేస్తె దొరుకుతదంట. ఇయ్యాలనే పడాలె."

"గింతదానికే పరేషానైతె నర్సెట్లయితవే? ముందుగాల సత్తయ్య రక్తం పరీక్షకు పంపుదాం."

"గది కాదు మేడమ్, నేను జెప్పేది..."

"చెప్పేదేం లేదు, నడువ్!"

రక్తం తియ్యడానికి వెళ్తే, శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికే సత్తయ్య నవ్వుతూ చెయ్యి చాపాడు.

"నీ కోసమంటె ఎంతన్న గుంజుకో బిడ్డా."

స్రవంతి ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. సత్తయ్యకు ఏ వైరస్సూ లేదు.

"బతికినవ్ పో! ఇగ పోయి అన్నం తిను" అని కామేశ్వరి వీపు తట్టింది.

 ఆ మాటకు స్రవంతికి ఒళ్లు మండిపోయింది. పొద్దుట్నుంచీ ఒక్కరైనా మాట పూర్తి చెయ్యనిస్తే కదా! విసవిసా డాక్టర్ రాజారావు గదిలోకి నడిచింది.

"సార్, గా ఇంజెక్షన్ తెప్పియ్యుండ్రి."

"పేషెంటు రక్తం బాగుందమ్మా. ఇంకా ఎందుకు మొండితనం?"

"సార్, నేననేది..."

"పిరికిదానిలా ఉన్నావే! వెళ్లు, వెళ్లి పని చూసుకో."

స్రవంతి కదల్లేదు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, గది అదిరిపోయేలా అరిచింది.

"నాకు కాదు సార్, సత్తయ్య తాతకు, మందు నింపి మూత పెడుతుంటెనే నాకు కుచ్చుకున్నది, సూస్కోకుంట అదే సూదితోని తాతకేసిన, వైరస్ ఉన్నది నా నెత్తుర్ల!"