సార్ పెట్టిన షీటు

"సోమవారం నుంచి పాండురంగ షీటు బ్యాటరీల ప్రొడక్షన్ మొదలు. మొదటి లోడు దవాఖానాలకే" అన్నాడు ఓనర్ నరసింహమూర్తి.

నాచారంలోని ఆ చిన్న బ్యాటరీ ఫ్యాక్టరీలో అందరూ చప్పట్లు కొట్టారు. టెస్టింగ్ రూమ్ చూసుకునే మహిపాల్ కూడా కొట్టాడు. కొట్టక చస్తాడా, అందరూ అతన్నే చూస్తుంటే.

బల్ల మీద టిఫిన్ డబ్బా అంత సెల్ ఒకటి ఉంది. దానికి తగిలించిన చిన్న బల్బు వెలుగుతోంది. సెల్ మీది స్టిక్కర్‌పై పాండురంగ అని పేరు. దాన్ని తయారుచేసిన ఇంజనీరు ఆయన. ఆయన పోయి రెండేళ్లు కావస్తోంది. సెల్ మాత్రం రోజూ చార్జింగ్ ఎక్కుతూ, బల్బును వెలిగిస్తూనే ఉంది.

బ్యాటరీలో ప్లేట్లకున్న పేరు సెపరేటర్‌కు లేదు. రెండు ప్లేట్ల మధ్య నిలబడే పల్చటి షీటు అది. ప్లేట్లు ఒకదాన్నొకటి తాకకూడదు, తాకితే షార్ట్. అలాగని మధ్యలో కరెంటును ఆపకూడదు. తోడికోడళ్ల మధ్య అత్తగారి ఉద్యోగం. పాండురంగ సార్ సగం జీవితం ఆ షీటు మీదే పెట్టాడు. మొదట్లో ఇంట్లోనే ప్రయోగాలు చేసేవాడు. భార్య తారామణి కత్తెరతో షీట్లు కత్తిరించి, ప్లేట్ల మధ్య పేర్చి, సెల్ బిగించి ఇచ్చేది.

"మామూలు షీటుకు ఏడాదికే చిల్లులు వడ్తయి మహిపాల్. నా షీటుకు వడయి, సూస్తుండు" అనేవాడు సార్, బల్ల మీది సెల్ చూపించి. చూడటానికి ఆయనే లేకుండా పోయాడు. గుండెపోటు.

సార్ పోయిన వారంలోనే తారామణి ఫ్యాక్టరీకి వచ్చింది. ఆయన చెప్పులు, స్వెటర్ తీసుకెళ్లడానికి. టెస్టింగ్ రూములో కాసేపు ఒంటరిగా ఉంటానంటే మహిపాల్ తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు. లోపల ఆమె ఏడుస్తోందేమో అనుకుని తనూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఫ్యాక్టరీ గడప తొక్కలేదు.

ఏడాది తిరగకముందే, ఒక పొద్దున మహిపాల్ వచ్చేసరికి బల్బు ఆరిపోయి ఉంది. సెల్ షార్ట్ అయింది.

చచ్చిన సెల్‌ను కోసి లోపలి షీటు చూడాలి. ఆ రూములో అది రూలు. దాన్ని వాళ్లు పోస్ట్‌మార్టం అంటారు. మహిపాల్ రంపం తీశాడు. మళ్లీ కింద పెట్టేశాడు. సార్‌నే కోస్తున్నట్టు అనిపించింది. పైగా షీటు పనికిరాదని తెలిస్తే ఓనర్ మర్నాడే దాన్ని మూలన పడేస్తాడు. సార్ పేరు కూడా దాంతోపాటే మూలన పడుతుంది. మహిపాల్ తలుపు గడియ పెట్టాడు. రాక్‌లోంచి మామూలు షీటున్న సెల్ ఒకటి తీసి, స్టిక్కర్ దానికి అంటించాడు. బల్బు వెలిగింది.

ఆ రోజు నుంచి అతనికి శాంతి లేదు. పట్టపగలు కూడా బల్ల దగ్గర ఎవరో నిలబడ్డట్టు ఉండేది. సార్‌కు పెన్నుతో సెల్‌ను టకటకా కొట్టే అలవాటు. ఆ చప్పుడు వినబడేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అన్నం ముందు కూర్చుంటే సార్ గొంతు, 'సూస్తుండు' అంటూ. మిగతావాళ్లకు మాత్రం ఆ బల్బు దేవుడైపోయింది. ప్యాకింగులో పనిచేసే సంతోషి రోజూ మొదటి టీ గ్లాసు దాని ముందు పెట్టేది.

"సార్ యాడికి వోలేదన్నా. గీడనే ఉన్నడు" అనేది.

మహిపాల్ ఆ గ్లాసు వైపు చూడకుండా తప్పుకునేవాడు.

ఇప్పుడు ఆ బల్బును నమ్మి, సార్ షీటుతో చేసిన బ్యాటరీలు దవాఖానాలకు పోతున్నాయి. ఆపరేషన్ మధ్యలో కరెంటు పోతే? అప్పుడే బ్యాటరీ షార్ట్ అయితే? ఇక దిగమింగుకోవడం అతనివల్ల కాలేదు. ఓనర్‌కు చెప్పేయాలి. కానీ ముందు తారామణికి చెప్పాలి. సోమవారం ఆమెకు శాలువా కప్పుతామని కబురు కూడా వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున పీర్జాదిగూడలోని వాళ్లింటికి వెళ్లాడు.

"రా తమ్మీ, కూసో. పొద్దటి సంది కరెంటు లేదు, మస్తు ఉక్కవోస్తుంది" అంటూ తారామణి విసురుకోవడానికి అట్టముక్క అందించింది.

గోడకు సార్ ఫొటో ఉంటుందని అతనికి తెలుసు. అటు తలెత్తే ధైర్యం చాలలేదు. నేల చూస్తూనే అంతా చెప్పాడు.

"సార్ షీటు ఫెయిలైందక్కా. సెల్ మార్చి నేనే దాసిన. రేపు ఓనర్‌కు జెప్త. సార్ పేరు ఖరాబైతది. నన్ను ఏమన్న అను, పడ్త."

తారామణి ముందుకు వంగింది.

"ఆ చచ్చిన సెల్ కోసి సూసినవా?"

"లేదక్కా. పాణం ఒప్పలే. తువ్వాలల సుట్టి ఇంట్ల వెట్టుకున్న."

"ఇన్నొద్దులు నువ్వు గిట్ల నలిగిపోతున్నవని నాకెర్కలేకపాయె తమ్మీ." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పదకొండు రోజులు ఆయన ముంగట దీపం కొండెక్కొద్దన్నరు. ఈ ఇంట్ల గాలికి నూనె దీపం నిలవకపాయె. గందుకే నేనొక పని జేసిన."

మహిపాల్‌కు ఏమీ అర్థం కాలేదు.

"నువ్వు మార్చింది ఆయన సెల్ కాదు తమ్మీ, ఆయనది ఆ నాడే స్వెటర్ల సుట్టుకొని తెచ్చుకొని దాని స్టిక్కర్ రాక్‌ల సెల్‌కు అంటిచ్చి ఆ జాగల వెట్టి వచ్చిన, అగో, ఫొటో ముంగట బల్బు ఇయ్యాల్టికీ దాని మీదనే ఎలుగుతున్నది."