తడవని సబ్బు

"సబ్బు తడవనే లేదు. నువ్వసలు చేతులు కడుక్కున్నావా?"

ఆఫీసు నుంచి వస్తూనే కుళాయి దగ్గర సబ్బు తడిమి చూసి, గౌతమి అడిగిన మొదటి మాట అది.

ఒళ్లో పాపతో కూర్చున్న వెంకాయమ్మ కంగారుగా లేచి నిలబడింది.

"కడుక్కున్నానండి."

"ఎప్పుడు?"

"పాపని ముట్టుకునే ముందల్లా కడుక్కుంటానే ఉన్నానండి."

"మరి సబ్బు ఇప్పుడే కాగితం విప్పినట్టు ఎందుకుంది?"

"ఆరబెడతానండి..."

"సబ్బుని ఆరబెట్టేదేంటి, అదేమన్నా బట్టా?"

వెంకాయమ్మ పాపని భుజాన వేసుకుంది.

గౌతమి కోపానికి కారణం లేకపోలేదు. పాప నెలలు నిండకుండా పుట్టింది. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో ఇంటికి తెచ్చుకోవడమే గగనమైంది. సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఎవరూ ముట్టుకోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. సెలవు అయిపోయి మళ్లీ నూజివీడులో ఉద్యోగానికి వెళ్లాల్సి వస్తే, తెలిసినవాళ్లు ముసునూరు నుంచి వెంకాయమ్మని మాట్లాడిపెట్టారు.

"పిల్లల్ని పెంచినదానివే కదా?" అని మొదటి రోజే అడిగింది గౌతమి.



"నన్ను ఎత్తుకోమంటారా అండీ?" అని ఎదురడిగింది వెంకాయమ్మ.

ఎత్తుకోమంటే బాగుండునన్న ఆశ, అంటారేమోనన్న భయం, రెండూ ఆ మొహంలోనే కనిపించాయి.

ఆవిడ చేతులు తెల్లగా పాలిపోయి, వేళ్ల సందుల్లో పగిలిపోయి ఉండేవి. మామిడితోటల్లో కాయలు కోసే మనిషి, సొన కొట్టి అలా అయ్యాయనుకుంది గౌతమి. చేత్తో మెత్తగా కలిపి పాపకి అన్నం పెట్టమంటే వినేది కాదు. చెంచాతోనే పెట్టేది. పాపకి మాత్రం ఆవిడ కనిపిస్తే చాలు, అమ్మ కూడా అక్కర్లేదు.

అనుమానం పెనుభూతం అంటారు. గౌతమిని ఆ భూతం సబ్బు రూపంలో పట్టుకుంది. సాయంత్రం రాగానే సబ్బు తడమడం, అది పొడిగా ఉండటం, తన ఒళ్లు మండటం, రోజూ ఇదే తంతు. ఈరోజు పొద్దున పాపకి విరేచనాలు మొదలయ్యాయి. ఇక ఆగలేకపోయింది.

"రేపట్నుంచి రావద్దు. ఆ మురికి చేతులతో నా పిల్లని ముట్టుకోవద్దు."

వెంకాయమ్మ పాపని మెల్లగా మంచం మీద పడుకోబెట్టింది.

తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

వెళ్లిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఈ సంగతి గౌతమికి అప్పుడు గుర్తురాలేదు.

పాపకి తగ్గింది. కొన్నాళ్లకి మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. ఈసారి పాపని ముట్టుకున్నది, మళ్లీ సెలవు పెట్టి ఇంట్లో ఉన్న గౌతమి ఒక్కతే. ఎవరిని అనాలి?

ఈలోగా కొత్త సబ్బు ప్లాస్టిక్ పెట్టెలో నీళ్లు పట్టి జావలా అయిపోయింది. ఇంకోటి తెస్తే అదీ అంతే.

"సబ్బులు తింటున్నామా ఏంటి మనం?" అన్నాడు ఆమె భర్త సాయిదత్త.

కుళాయి వెనకాల కిటికీ గట్టు తుడుస్తుంటే గౌతమి చేతికి ఏదో తగిలింది. తీసి చూస్తే రెండు రసాల మామిడి టెంకలు. గుజ్జు లేకుండా శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, పీచుని బ్రష్షులా పైకి దువ్వి ఉన్నాయి. ఒకదాని మీద ఎండిన సబ్బు నురగ ఉంది.

తడి సబ్బుని దాని మీద పెట్టి చూసింది. నీళ్లు పీచులోంచి కిందికి కారిపోయాయి. వంట ముగించుకుని వచ్చి తడిమితే, సబ్బు పొడిగా ఉంది.

"ఎంత మాటన్నాను!"

గౌతమికి ఏడుపు ఆగలేదు. ఎలాగైనా కాళ్లావేళ్లా పడి పిలుచుకురావాలి.

ఆదివారం పాపని తీసుకుని, సాయిదత్త బండి మీద ముసునూరు వెళ్లింది. గుమ్మంలోకి వెంకాయమ్మ కూతురు శ్రావణి వచ్చింది. ఆమె వెనకాల గోడకి వెంకాయమ్మ ఫోటో, దాని ముందు దీపం.

గౌతమి పాపని గుండెకి అదుముకుంది.

"మీ దగ్గర మానేశాక ఆగిరిపల్లిలో మామిడికాయల లోడింగుకి పోయిందండీ. ఈ ఎండలకి వడదెబ్బ కొట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే..." అంది శ్రావణి.

"క్షమించమని అడుగుదామని వచ్చానమ్మా. చేతులు కడుక్కోదని నానా మాటలూ అన్నాను."

శ్రావణి గొంతులో నిష్ఠూరం లేదు.

"ఆ రోజు ఇంటికొచ్చి చీకటి పడేదాకా చేతులు కడుగుతానే ఉందండీ. 'నా చేతులు ఇంకా శుభ్రం కాలేదే శ్రావణీ' అని ఒకటే ఏడుపు. నాకు ఊహ తెలిశాక నాక్కూడా ఎప్పుడూ చేత్తో ముద్ద పెట్టి ఎరగదు. ఇన్నేళ్లకి మీ పాపనొక్కదాన్నే ఎత్తుకుంది."

"ఇంకా శుభ్రం కాలేదంటే?" అడిగింది గౌతమి.

శ్రావణి పాప వైపు చూసింది.

"నాకో తమ్ముడుండేవాడండీ, ఈ పాప వయసే, అమ్మ తోటలో పూత మీద పురుగుమందు కొట్టొచ్చేసరికి బోరు దగ్గర సబ్బు కాస్తా నీళ్లలో నాని కరిగిపోయి ఉందంట, వాడేమో ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడంట, ఉత్త నీళ్లతో చేతులు కడుక్కుని అమ్మే వాడికి ముద్ద కలిపి పెట్టిందండీ."