కట్టెల పెట్టె

"ఈ పూట నువ్వు సరస్సు దాటాలంటే ముందు నన్ను దాటాలి," అంటూ హిల్యా మోటారు మంచుబండికి అడ్డంగా నిలబడింది.

కొడుకు ఊర్హో తలెత్తలేదు. బండి వెనక తగిలించిన జారుడుతొట్టిలో సామాను సర్దుకుంటున్నాడు. "కాస్త జరుగమ్మా. బరమా తొక్కుతున్నావు. దాని పదును పోతే మంచుకి కన్నం ఎవరు పెడతారు?"

"నువ్వు పెట్టక్కర్లేదు. అదే పడుతుంది, సరిగ్గా నీ కింద. ఏప్రిల్ ఆఖరుకొచ్చాం. నడిమి పాయ దగ్గర మంచు నల్లబడింది. నిన్న కాకి వాలితే దాని కాళ్ళు తడిశాయి. ఈ కళ్ళతో చూశాను."

"నేనూ చూశాను. అందుకే నేను..."

"చెప్పకు! వింటే నా గుండె ఆగిపోతుంది."

"అది కాదమ్మా, ఊళ్ళో వాళ్ళంతా..."

"ఊళ్ళో వాళ్ళ తల్లులకి బుద్ధి లేదు. నాకుంది."

ఊర్హో గాలాల పెట్టె తొట్టిలోకి ఎక్కించి, పట్టా కప్పి ముడి వేశాడు. అవతలి ఒడ్డున కొండ నీడలో ఉన్న చిన్న మడుగులో మంచు ఇంకా మూరెడు మందం ఉంది. మంచు కన్నాల్లో చేపలు పట్టే ఈ ఏడాది ఆఖరి పోటీ అక్కడే. మిగతావాళ్ళు పొద్దున్నే వెళ్ళిపోయారు. అందరి గాలాలూ ఒకే పెట్టెలో పెట్టి తీసుకురావలసిన పని ఇతనిది. కాఫీ ఫ్లాస్కు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

హిల్యాకి ఆ మాత్రం వ్యవధి చాలు. పెట్టె తెరిచి గాలాలన్నీ గోనెసంచిలోకి దులిపేసింది. సంచిని ఆవిరిగది వెనక దాచి, పెట్టె నిండా బర్చ్ చెట్టు కట్టెలు పేర్చి, మూత వేసి, పైన పట్టా కప్పి, కొడుకు వేసే ముడే వేసింది. ఒడ్డుకి దిగేముందు సామాను ఒకసారి చూసుకోవడం అతనికి అలవాటు. చూస్తాడు, వెనక్కి వస్తాడు, అరుస్తాడు. అరిచేసరికి మధ్యాహ్నమవుతుంది. మధ్యాహ్నపు మంచు మీదికి వాడైనా దిగడు. అరిచే కొడుకంటే బతికున్న కొడుకే కదా.

ఊర్హో వచ్చాడు, ముడి వంక చూశాడు, బండెక్కి వెళ్ళిపోయాడు. చెట్ల మలుపు తిరిగాక చప్పుడు సన్నగిల్లింది. వెనక్కి మాత్రం రాలేదు.

ఇరవై నిమిషాల దారి. గంట దాటినా కబురు లేదు. ఆ గంటలో, వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డ హిల్యా కళ్ళ ముందు అతను చాలాసార్లు మునిగాడు. ఒకసారి బండితో సహా. ఒకసారి టోపీ ఒక్కటే తేలింది.

ఫోను మోగింది.

"అమ్మా, పెట్టెలో కట్టెలున్నాయి."

"ఎక్కడున్నావురా?"

"ఎక్కడుంటాను, అవతలి ఒడ్డున. అందరూ పడి పడి నవ్వుతున్నారు. టౌనో మావయ్య ఒక కట్టెకి దారం కట్టి కన్నంలోకి దింపాడు. వస్తున్నాను గానీ, గాలాలు బయటపెట్టి ఉంచు."

ఒకసారి దాటాడు, బతికాడు. కానీ ఒకసారి బండి బరువు మోసిన మంచు రెండోసారి మోస్తుందా? ఇప్పుడు ఇటు రావాలి, మళ్ళీ అటు వెళ్ళాలి. రెండుసార్లు! ఎవరి వల్ల? తన చేతుల వల్లే.

"కదలకు! అక్కడే కూర్చో. నేనే తెస్తాను."

"నువ్వా? సరే, కానీ నువ్వు..."

ఫోను పెట్టేసింది.

కొట్టంలో ఉన్న పాత మంచుబండి స్టార్టరు తాడు నాలుగోసారి లాగితే దగ్గి లేచింది. గోనెసంచి వెనక కట్టుకుంది. తాడు, నిచ్చెన, కొడుకు కోసం పొడి మేజోళ్ళు రెండు జతలు కూడా పెట్టుకుంది. తిన్నగా ఒడ్డుకి నడిపి సరస్సు మీదికి దించింది.

సీటు మీద కూర్చోలేదు. మునిగితే దూకడానికి వీలుగా ఒక మోకాలు సీటు మీద, ఒక పాదం పక్క పలక మీద పెట్టుకుంది. కొడుకు బండి జాడ ఎక్కడా కనబడలేదు. మంచు మీద అడుగు లోతు నీళ్ళు నిలిచి ఉంటే జాడ ఎలా ఆగుతుంది? ఇందులోంచి ఎలా వెళ్ళాడురా దేవుడా అనుకుంది. నడిమి పాయ దగ్గర వెనక నుంచి పాత దుప్పటి చింపినట్టు చప్పుడైంది. తిరిగి చూడలేదు. కోటు జేబులో ఫోను ఆగకుండా అదురుతూనే ఉంది. పోట్లాటకి కాబోలు, ఒడ్డు చేరాక పడతానులే అనుకుంది.

అవతలి ఒడ్డున ఊరంతా వరసగా నిలబడి ఉంది. ఒక్కరూ నవ్వడం లేదు. ఇద్దరి చేతుల్లో తాళ్ళున్నాయి. టౌనో మావయ్య మంచు అంచున బోర్లా పడుకుని పొడవాటి గెడ ముందుకు చాచాడు.

హిల్యా గెడని తప్పించుకుని ఒడ్డెక్కి, బండి ఆపి, గోనెసంచి కింద పడేసింది. "ఇవిగో మీ గాలాలు. నీకేమైందయ్యా టౌనో, ఈ వయసులో ఆ పడుకోవడమేమిటి? లే, నడుం పట్టేస్తుంది."

ఊర్హో వచ్చి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏరా, నోరు పడిపోయిందా? నువ్వు పొద్దున వచ్చిన దారినే వచ్చాను. నువ్వు వస్తే లేని తప్పు నేను వస్తేనా?"

"నేను అడవి చుట్టూ తిరిగి వచ్చానమ్మా, అందరూ అలాగే వచ్చారు," అన్నాడు ఊర్హో, చెయ్యి వదలకుండా. "ఆ మంచు మీదికి వారం నుంచి ఊళ్ళో ఎవరూ కుక్కని కూడా దిగనివ్వట్లేదు."